అరవై ఒకటో పేజీ

మధ్యాహ్నం ఒంటిగంటకు బంట్రోతు టైపు గది గుమ్మంలో నిలబడి, "అయ్యగారు రమ్మంటున్నారు, ఆ కేసు నోట్సు పుస్తకం కూడా తెమ్మన్నారు" అన్నాడు. అన్నవాడు నా మొహం చూడలేదు. ఆ కబురు ఎలాంటిదో వాడికీ తెలుసు.

అంతకుముందు జరిగింది రెండు ముక్కల్లో చెప్పేయొచ్చు. ఒక గోదాము కాపలాదారుకు దొంగలకు తలుపు తీశాడన్న నేరం మీద ఏడేళ్ల శిక్ష పడింది. అప్పీలు చేసుకున్నాడు. తీర్పు వచ్చిన తొంభై రోజుల్లో విచారణ రికార్డు పై కోర్టుకు చేరకపోతే ఆ అప్పీలు చెల్లదు. ఇవాళ తొంభయ్యో రోజు. రికార్డు తీసుకునే కౌంటరు మా కోర్టులోనే ఉంది, నాలుగింటికి మూస్తారు. నూట పన్నెండు పేజీల ఆ రికార్డు నా షార్ట్‌హ్యాండు నోట్సులోంచి తయారు కావాలి, చివర నేను సంతకం పెట్టాలి.

నూట పదకొండు పేజీలతో ఎవరికీ పేచీ లేదు. అరవై ఒకటో పేజీలో మాత్రం మూడు వాక్యాలున్నాయి. వాటికి ముందు ముఖ్య సాక్షి, ఆ గోదాము గుమస్తా, "చీకటిగా ఉందండి, తలుపు తీసినవాడి మొహం నాకు కనపడలేదు" అన్నాడు. అప్పుడు జడ్జిగారు అన్న మాటలివి: "ఇంత దూరం వచ్చి కనపడలేదంటే కుదరదు. బాగా గుర్తు తెచ్చుకో. గుర్తు రాకపోతే నువ్వు కూడా ముద్దాయి పక్కన నిలబడాల్సి వస్తుంది."

ఆ తర్వాత గుమస్తాకు గుర్తొచ్చింది.

నేను పుస్తకం తీసుకుని లేచాను. మా తోడికోడలు టైపు మిషను మీంచి తలెత్తింది. నా నోట్సు చదివి చెబుతుంటే టైపు కొట్టేది ఆమే. పేజీకి ఇంతని నా చేతిలోంచే ఇస్తాను. కోర్టులో ఆమెకు ఉద్యోగం లేదు, కుర్చీ మాత్రం ఉంది. వచ్చే వారం రెండు టైపిస్టు పోస్టులు పర్మనెంటు చేస్తారని అందరూ చెప్పుకుంటున్నారు.

"అక్కా, ఆ మూడు లైన్లూ లేకపోతే కొంపలేం మునిగిపోవులే" అంది మెల్లగా. "ఊ అని వచ్చెయ్."

"కొంప మునిగేది మనది కాదుగా, అందుకని నీకలా ఉంది."

"మనది మునిగితే మాత్రం ఎవరొస్తారే?"

'అక్కా' అని మొదలుపెట్టి 'ఏ' తో ముగించడం ఆమెకు భయం వేసినప్పటి అలవాటు. పన్నెండేళ్లుగా ఒకే వంటింట్లో తిరుగుతున్నాం కాబట్టి నాకది తెలుసు. ఎందుకు భయపడుతోందో మాత్రం అడగలేదు. నా గురించే అనుకున్నాను. మనిషికి ఎదుటివాళ్ల భయమంతా తన గురించే అనిపిస్తుంది.

*

మా పని గురించి కొంచెం చెప్పాలి. ఈ కోర్టులో మేము తొమ్మిది మంది రిపోర్టర్లం. జడ్జిగారి బల్లకు ముందు, కొంచెం కిందుగా, సాక్షికీ వకీళ్లకూ మధ్య కూర్చుంటాం. ఎవరు ఏమన్నా రాయాలి. మేము మాత్రం ఏమీ అనకూడదు. నన్ను వకీళ్లు 'చెవులమ్మ' అంటారు, నా ఎదుటే అంటారు, నేను ఎలాగూ జవాబు చెప్పనని.

రాస్తున్నప్పుడు నాకు అర్థం కాదు. అర్థం చేసుకుంటూ కూర్చుంటే వెనకబడిపోతాను. చెవిలో పడ్డది చేతిలోంచి వెళ్లిపోతుంది, మధ్యలో నేనుండను. పద్దెనిమిదేళ్లుగా రోజుకు ఐదు గంటలు నేను లేనిచోట కూర్చుని జీతం తీసుకుంటున్నాను. ఆ మూడు వాక్యాలూ నేను విన్నట్టు నాకు జ్ఞాపకమే లేదు. పోయిన వారం నోట్సు చదివి చెబుతుంటే నా నోటెంట వచ్చాయి. టైపు మిషను ఆగిపోయింది. "ఇది ఆయనే అన్నారా?" అంది తోడికోడలు. కాగితం మీద ఉంది కాబట్టి అన్నారు. అప్పుడే, ఆమెతోపాటే, నేనూ మొదటిసారి విన్నాను.

ఇక జీతం. అది రెండు ముక్కలు. నెల జీతం కుర్చీలో కూర్చున్నందుకు. పేజీ డబ్బు, నోట్సును టైపు చేయించి కక్షిదారులకు ఇచ్చినందుకు. మొదటిది అద్దెకు సరిపోతుంది, రెండోదానితో బతుకుతాం. పేదవాడని సర్టిఫికెట్ ఉన్న ముద్దాయికి రికార్డు ఊరికే ఇవ్వాలి. ఆ పేజీలకు మాకేమీ రాదు, టైపు కూలి మా జేబులోంచే పోతుంది. కాపలాదారుకు ఆ సర్టిఫికెట్ ఉంది.

చివరి పేజీ మీద పెట్టే సంతకానికి విడిగా ఏమీ ఇవ్వరు. "పైన ఉన్నదంతా నేను స్వయంగా విని రాసుకున్నది, విన్నదంతా ఇదే" అని ఒక వాక్యం, దానికింద సంతకం. ఆ వాక్యం కింద ఎన్ని వందలసార్లు సంతకం పెట్టానో. చదివి ఎన్నిసార్లు పెట్టానో అడిగితే చెప్పలేను.

*

జడ్జిగారు భోజనం డబ్బా మూతపెట్టి పక్కకు జరిపారు. చేతులు కడుక్కుని, తువ్వాలుతో ఒక్కొక్క వేలూ విడిగా తుడుచుకున్నారు. బల్ల మీద వేరే కాగితాలేమీ లేవు.

"కూర్చోండమ్మా."

"ఫరవాలేదండి."

"రోజంతా నా ముందు కూర్చునే మనిషి ఇక్కడ నిలబడితే నాకేదో తప్పు చేసినట్టుంటుంది. కూర్చోండి."

కూర్చున్నాను. పుస్తకం ఒళ్లో పెట్టుకున్నాను, దాని మీద రెండు చేతులూ పెట్టాను.

"ఆ పేజీ ఒకసారి చదవండి."

చదివాను. తిరిగి చదవమన్నప్పుడు మేము స్వరం పెట్టకూడదు. ఏడ్చినవాడి మాటా నవ్వినవాడి మాటా ఒక్కలాగే చదవాలి. పద్దెనిమిదేళ్లలో నా గొంతు అలా చదునైపోయింది, ఇంట్లో కూర తరగమన్నా అలాగే అంటానని మా ఆయన వేళాకోళం. ఆయన మాటలు ఆయనకే ఆ గొంతుతో వినిపించాను.

జడ్జిగారు కళ్లు మూసుకుని విన్నారు.

"నేనలా అన్లేదు" అన్నారు.

నేను ఆ మూడు లైన్లూ కళ్లతో ఇంకోసారి చూసుకున్నాను.

"అన్లేదని కాదు. మాటలు అవే అయ్యుంటాయి. కానీ మీరు చదివితే బెదిరించినట్టుంది."

"నేను ఏ స్వరమూ పెట్టలేదండి."

"అదేగా చెప్తున్నా. స్వరం లేకపోతే ఏ మాటైనా బెదిరింపే. నేను ఇంట్లో పెద్దవాడు మందలించినట్టు మందలించాను. వాడు అబద్ధం ఆడబోతున్నాడని నాకు తెలిసింది. ముప్పై ఏళ్లుగా మొహాలు చూస్తున్నవాణ్ని. మందలించడం మీ గీతల్లోకి ఎక్కదు కదా?"

"ఎక్కదండి."

"మరి సగమే ఎక్కినదాన్ని 'విన్నదంతా ఇదే' అని ఎలా రాస్తారు?"

మంచి ప్రశ్న. ఆయన తెలివైనవారు, చెడ్డవారు కారు. చెడ్డవాడైతే నాకు ఇంత కష్టం ఉండేది కాదు. ఒక్కక్షణం ఆయన పక్కకు వెళ్లిపోయాను కూడా. నిజమే, గొంతు లేని మాట సగం మాటే. అయితే ఆ గుమస్తా భయపడింది గొంతుకా, మాటకా? ఆ సంగతి తేల్చాల్సింది నేను కాదు. ఆయన కూడా కాదు. దానికే పై కోర్టు ఉంది.

"సగమైనా ఉంటే వాళ్లు మిగతా సగం అడుగుతారండి. అసలే లేకపోతే అడగరు" అన్నాను.

ఆయన కళ్లు తెరిచి మొదటిసారి నన్ను చూశారు. మామూలుగా కోర్టులో ఆయన చూపు నా తలమీదుగా పోతుంది.

"సరే, అది వదిలేద్దాం. ఆ మాట అనేముందు నేను చెయ్యెత్తాను."

ఇది మా కోర్టు పద్ధతి. రికార్డుకు ఎక్కకూడని సంగతేదైనా మాట్లాడాలంటే జడ్జి ఎడమ చెయ్యి ఎత్తుతారు. మేము కలం ఆపి, పేజీకి అడ్డంగా రెండు గీతలు గీసి, పక్కన టైము వేస్తాం. చెయ్యి దించాక మళ్లీ మొదలుపెడతాం. ఆ రెండు గీతల మధ్య లోకంలో ఏం జరిగినా జరగనట్టే.

"ఎత్తితే రెండు గీతలుంటాయండి." పుస్తకం ఆయన వైపు తిప్పి బల్ల మీద పెట్టాను, వేలు మాత్రం పేజీ అంచు మీదే ఉంచాను. "ఆ రోజు మీరు రెండుసార్లు ఎత్తారు. ఒకటి పదకొండుంబావుకు, ఫ్యాను చప్పుడు గురించి. ఒకటి మూడు గంటలకు, వకీలుగారి దగ్గు గురించి. ఇక్కడ గీతలు లేవు."

"మీరు చూసి ఉండరు."

"అయ్యుండొచ్చండి. మేము మాట్లాడేవాళ్ల నోరు చూస్తాం, చెయ్యి ఓరకంటికి తగలాలంతే."

"చూశారా, మీరే ఒప్పుకుంటున్నారు."

"ఒప్పుకుంటున్నానండి. ఒకటి అడగొచ్చా?"

"అడగండి."

"చెయ్యెత్తినట్టు గుర్తుందా అండి మీకు? లేక ఎత్తే ఉంటాననుకుంటున్నారా?"

ఆయన ఎడమ చెయ్యిని బల్ల మీద వెల్లకిలా పెట్టి, అదేదో ఇంకొకరి చెయ్యి అన్నట్టు చూస్తూ ఉండిపోయారు. నా వేళ్లు వాటంతటవే కదిలాయి. సాక్షి జవాబు చెప్పకపోతే ఒక చుక్క పెట్టడం నా అలవాటు. నా మోకాలి మీద, చీర మడతలో, చూపుడు వేలు ఒక చుక్క పెట్టింది.

"మీరు వకీలు కావాల్సినవారమ్మా" అన్నారు చివరకు.

"చదివించేవాళ్లు లేకపోయారండి."

ఇద్దరం నవ్వాం. నవ్వు అయిపోయాక గది ముందుకన్నా ఇరుకైంది.

"సోమవారం జీతాల కమిటీ కూర్చుంటోంది" అన్నారు, ఏదో వాతావరణం గురించి చెబుతున్నట్టు. "పదకొండేళ్లుగా మీ పేజీరేటు పెరగలేదు. పెంచాలని నేనే రాశాను. ఇంకోవైపు, రిపోర్టర్లు ఎందుకు, టేపు మిషన్లు పెడితే చాలనేవాళ్లూ ఉన్నారు. మిషను కన్నా మనిషి ఎందుకు మేలో నేను వాళ్లకు చెప్పాలి. మనిషికైతే వివేకం ఉంటుంది, ఏది రాయాలో ఏది అక్కర్లేదో తెలుస్తుంది, అని చెప్పాలనుకున్నాను."

తొమ్మిది మంది మొహాలు నా కళ్లముందు వరసగా నిలబడ్డాయి. ఆయన నిలబెట్టారు. భయం తలలోకి వచ్చేసరికి దానికి మంచి మంచి కారణాలు దొరికి ఉంటాయి. అది తలకెక్కేలోపలే మాట్లాడేయాలి.

"అయితే ఒక పని చేయండి సార్. 'ఫలానా పేజీలో ఫలానా మూడు వాక్యాలు తీసేయండి' అని ఒక ఆర్డరు రాసివ్వండి. తీసేస్తాను. ఆ ఆర్డరు కూడా రికార్డులో పెడతాను."

ఆయన నవ్వలేదు.

"మీ నోట్సు చదవడం మీకు తప్ప ఎవరికీ రాదు" అన్నారు. గొంతు తగ్గింది. "రేపు నేను అది తప్పని అంటే, చదివి చెప్పేవాడు ఈ లోకంలో ఇంకొకడు లేడు. మీ మాట మీద తప్ప దానికి విలువే లేదు."

"అందుకేనండి నా సంతకం అడుగుతారు. మిషనుకు సంతకం రాదు."

ఇది ముందు అనుకుని అన్న మాట కాదు. అన్నాక, నేనే కాసేపు ఆ మాట దగ్గర నిలబడిపోయాను. నా ఉద్యోగం ఏమిటో పద్దెనిమిదేళ్ల తర్వాత తెలిసింది.

"పుస్తకం ఇక్కడ పెట్టి వెళ్లండి."

"అప్పీలు తేలేదాకా రాసినవాళ్ల దగ్గరే ఉండాలండి. అది రూలు."

"రూలు నాకు తెలుసు."

"తెలుసుననే చెబుతున్నానండి."

లేచాను. పుస్తకాన్ని ఛాతీకి అదుముకున్నాను. తలుపు దగ్గర ఉండగా వెనకనుంచి అన్నారు, చాలా మెత్తగా.

"ఇవాళ మీరు కొత్తగా ఏమీ చెయ్యనక్కర్లేదమ్మా. ఊరికే ఉండండి, చాలు."

"ఊరికే ఉంటే నాలుగు దాటుతుందండి. అతని అప్పీలు పోతుంది."

"పోదు" అన్నారు.

ఆ ఒక్క మాటా ఆయన అంత గట్టిగా ఎందుకన్నారో నాకు అప్పుడు తట్టలేదు. ఓదార్చుతున్నారనుకున్నాను.

*

టైపు గదిలో తోడికోడలి కుర్చీ ఖాళీగా ఉంది. తలనొప్పి అని ఇంటికెళ్లిందట. మాలో అందరికన్నా సీనియరు, మేము పెద్దాయన అని పిలిచే రిపోర్టరు, నా బల్ల దగ్గర కుర్చీ లాక్కుని కూర్చుని ఉన్నాడు. ఇంకో మూడేళ్లలో రిటైరవుతాడు.

"అమ్మాయ్, ఒక్క మాట. మనమెవరం? పెళ్లిలో ఫొటోలు తీసేవాళ్లం. అవునా?"

"సరే అనుకుందాం."

"పెళ్లికొడుకు ముక్కు చీదుకుంటుంటే ఫొటో పడిందనుకో, ఆల్బంలో పెట్టి ఇస్తామా? ఆ ఒక్కటీ పక్కన పెడతాం. అది అబద్ధమా? మర్యాద."

"ఆ ఫొటో లేనందుకు ఒకడు ఏడేళ్లు లోపల కూర్చోవాల్సి వస్తే?"

"లోపల కూర్చునేవాడు ఒకడు. ఇక్కడ కూర్చున్నవాళ్లం తొమ్మిది మందిమి. నాకు కూతురి చదువుంది, నీకు తెలుసు."

తెలుసు. ఆ మధ్యాహ్నం నాకు విచారణ లేదు, నోట్సు పుస్తకం తెరిచి తోడికోడలి మిషను ముందు కూర్చున్నాను. టైపు నాకు రెండు వేళ్లతోనే వస్తుంది. అరవై ఒకటో పేజీ ఒక్కటే ఇంకా కొట్టలేదు. ఆ రోజు మిషను ఆగిపోయాక ఆ పేజీ వదిలేసి మిగతావి కొట్టించాను. అక్షరం అక్షరం వెతుక్కుంటూ కొట్టాను. పెద్దాయన కాసేపు చూశాడు. తర్వాత లేచి, తన మిషను పక్కనున్న మంచి రిబ్బను తెచ్చి, నాకు మార్చిపెట్టి వెళ్లి గోడవైపు తిరిగి కూర్చున్నాడు.

మిగతా పేజీల పైప్రతి ఎంత వెతికినా కనపడలేదు. ఆమె సర్ది ఎక్కడో పెట్టి ఉంటుందనుకుని, బీరువాలో ఉన్న కార్బను ప్రతి తీసుకున్నాను. సంతకం సిరాతో ఉంటే కౌంటర్లో అదీ తీసుకుంటారు.

చివరి సంతకం పేజీ దగ్గర ఆగాను, దాన్ని మేము సర్టిఫికెట్ అంటాం. ఇక్కడ మా తొమ్మిది మందీ చేసే ఒక పని చెప్పాలి. కోర్టు నడుస్తుండగా మేము కుర్చీ వదిలి రాలేం. రికార్డు ఏమో టైముకు కౌంటర్లో పడాలి. అందుకని నెల మొదట్లోనే ఖాళీ సర్టిఫికెట్ కాగితాల మీద వరసగా సంతకాలు పెట్టి సొరుగులో పెట్టేస్తాం. కేసు నంబరూ పేజీల లెక్కా టైపిస్టు నింపి జతచేస్తుంది. తప్పని అందరికీ తెలుసు, తప్పు చేస్తున్నట్టు ఎవరికీ అనిపించదు. నా సొరుగుకు రెండు తాళంచెవులు, ఒకటి నా కొంగున, ఒకటి తోడికోడలి దగ్గర.

సొరుగు తీయబోయి మానేశాను. ఈ ఒక్కదాని కింద మాత్రం మాటలు చదివి సంతకం పెట్టాలనిపించింది. ఆ వాక్యం కూడా రెండు వేళ్లతో నేనే కొట్టాను. చదివాను. పెట్టాను.

మూడు ముప్పై అయిదు.

*

కౌంటరు ముందు బెంచీ మీద కాపలాదారు భార్య కూర్చుని ఉంది. పన్నెండు రోజులుగా అక్కడే కూర్చుంటోంది. చేతిసంచీ ఒళ్లో నిలబెట్టుకుని, నన్ను చూసి లేచింది.

"అయిందామ్మా?"

"అయింది. కూర్చో."

కౌంటరాయన నన్ను చెల్లెమ్మా అంటాడు, అందరినీ అలాగే అంటాడు. కట్ట తీసుకుని కేసు నంబరు చూసి, కళ్లజోడు పైకి నెట్టాడు.

"ఇది పొద్దున్నే వచ్చేసిందిగా చెల్లెమ్మా."

"ఏది?"

"ఈ కేసే. పది నలభైకి ముద్ర కూడా వేశాను. నీ సర్టిఫికెట్టే ఉంది, నేనే చూశాను."

వెనకనుంచి కట్ట తీసి నా ముందు పెట్టాడు. నూట పన్నెండు పేజీలు. పైప్రతి. చివరి కాగితం మీద నా సంతకం. దొంగ సంతకం కాదు. నా సంతకమే. ఆఖరి అక్షరం కింద తోక కొంచెం ఎక్కువ లాగుతాను, ఆ తోకతో సహా నాదే.

అరవై ఒకటో పేజీ తీశాను. గుమస్తా మొహం కనపడలేదన్నాడు. ఆ వెంటనే కనపడిందన్నాడు. మధ్యలో ఎవరూ ఏమీ అనలేదు.

పేజీ అడుగున ఎడమ మూల చిన్నగా 4 అని ఉంది. ప్రతి టైపిస్టుకూ ఒక నంబరుంటుంది. పేజీకి ఇంతని కూలి కాబట్టి, ఏ పేజీ ఎవరు కొట్టారో తెలియడానికి కాగితం తీసేముందు ఆ అంకె కొట్టి తీస్తారు. ఆలోచించి కొట్టరు, చెయ్యే కొడుతుంది. మా తోడికోడలి నంబరు నాలుగు.

ఆమె అబద్ధమంతా జాగ్రత్తగా ఆలోచించే చేసి ఉంటుంది. ఆమె చెయ్యి మాత్రం రోజూ చేసే పనే చేసింది.

పోదు, అన్నారు ఆయన. ఊరికే ఉండండి, చాలు.

"ఏంటి చెల్లెమ్మా, అలా అయిపోయావ్? ఇది నువ్వు పెట్టలేదా?" కౌంటరాయన గొంతు తగ్గించి ముందుకు వంగాడు. "పెట్టకపోతే సులువే. ఈ సంతకం నాది కాదు అని రెండు ముక్కలు రాసివ్వు. పొద్దున్నది పక్కన పడేస్తాను, నీది తీసుకుంటాను. నీకూ ఏ గొడవా ఉండదు."

కలం కూడా ఇచ్చాడు. కాగితం ఇచ్చాడు.

ఎంత సులువు! కాపలాదారుకు న్యాయం జరుగుతుంది, నా ఉద్యోగం ఉంటుంది, నేను గెలుస్తాను. నేను రాయాల్సిందల్లా ఒక్క చిన్న మాట. రెండు గంటల కిందట ఒక పెద్దమనిషి గదిలో మూడు వాక్యాలు వదలనని నిలబడ్డ మనిషిని. ఇప్పుడు ఒక్క వాక్యం కలపమంటే కలం ఎంత తేలిగ్గా చేతిలోకి వచ్చిందో! అప్పుడు నేను పట్టుబట్టింది నిజం కోసమా, నా నోట్సు కోసమా? ఆయన మాట తీసేయకపోవడం నాకు కష్టం కాలేదు, అది ఆయన మాట. ఇది నాది.

బెంచీ మీద ఆవిడ సంచీ మీద చేతులు పెట్టుకుని నా వీపు వైపే చూస్తోందని చూడకుండానే తెలిసింది.

రాశాను. "పొద్దున వచ్చిన రికార్డు మీది సంతకం నాదే. కాగితం ఖాళీగా ఉన్నప్పుడు పెట్టాను. దాని పైన చేరిన పేజీలు నేను చదవలేదు. అరవై ఒకటో పేజీ నా నోట్సులో ఉన్నట్టు లేదు. ఉన్నది ఇప్పుడు ఇస్తున్నాను."

కౌంటరాయన రెండుసార్లు చదివాడు.

"ఖాళీ కాగితాల మీదా?" అన్నాడు. తర్వాత చుట్టూ చూసి, "అందరూ పెడతారని నాకూ తెలుసమ్మా. కానీ రాసిచ్చినవాళ్లు లేరు. ఇది చూస్తే నీ ఉద్యోగం ఉంటుందా? నీతోపాటు మిగతా ఎనిమిది మంది సొరుగులూ తీయిస్తారు."

"నేను నా గురించే రాశాను."

"ఒకే కేసుకు రెండు రికార్డులు, రెండింటి మీదా నీ సంతకం. పై కోర్టువాళ్లు ఊరుకుంటారా? నిన్ను బోనెక్కించి అడుగుతారు, ఏది నిజమని."

"అడగనివ్వండి అన్నయ్యా. అక్కడా మాలాంటివాళ్లు ఒకరు కూర్చుని ఉంటారుగా, రాసుకుంటారు."

అతను ముద్ర తీసి, సిరామెత్త మీద రెండుసార్లు అద్ది, నా కట్ట మీద ఒకటి, నా చీటీ మీద ఒకటి వేశాడు. మూడు యాభై రెండు. ఆ చప్పుడుకు బెంచీ మీద ఆవిడ లేచి నిలబడింది. దగ్గరకు వెళ్లి చేతిలో రశీదు పెట్టాను. "దాచుకో, పోగొట్టుకోవద్దు" అన్నాను. ఎందుకో నా గొంతు ఆ మాట దగ్గర చదునుగా లేదు.

*

టైపు గదికి తిరిగి వచ్చేసరికి అందరూ వెళ్లిపోయారు. తోడికోడలి మిషను మీద నేను తీసేసిన గుడ్డ మళ్లీ కప్పి ఉంది. అంటే తలనొప్పితో ఇంటికెళ్లిన మనిషి ఒకసారి వెనక్కి వచ్చింది. ఆమెను ఏమడగాలో దారి పొడుగునా కూర్చుకుంటూ వచ్చాను. ఎందుకు చేశావు అని కాదు. పోస్టు కోసమే చేసి ఉంటుంది, ఆ మాత్రం నాకు తెలుస్తుంది. ఎవరు చెయ్యమన్నారు అని అడగాలి. అడిగినప్పుడు ఆమె మొహం చూడకుండా నోరు చూడాలి.

ముందు సొరుగు తీయాలనిపించింది. మిగతా ఖాళీ సంతకాలు ఇప్పుడే, నా చేత్తోనే చింపేయాలి. రేపు ఎవరైనా వచ్చి తీయించేలోపల కాదు. ఇప్పుడు, నా మనసు గట్టిగా ఉండగా.

కట్ట తీశాను. పైన కట్టిన అట్టముక్క మీద ఎన్ని మిగిలాయో పెన్సిలుతో రాసిపెట్టడం నాకు అలవాటు. చివరి అంకె పద్దెనిమిది. నిన్న సాయంత్రం నేనే రాసింది.

ఒక్కొక్కటే లెక్కపెడుతూ చింపాను. ఒకటి కౌంటర్లో ఉంది కాబట్టి పదిహేడు ఉండాలి.

పద్నాలుగు దగ్గర చేతికి బల్ల తగిలింది.

సొరుగంతా వెతికాను. బల్ల కింద చూశాను. చింపిన ముక్కలన్నీ నేలమీద పేర్చి, సంతకం చివరి తోకలు మళ్లీ లెక్కపెట్టాను. పద్నాలుగే. నాలుగు పోయాయి. ఒకటి కౌంటర్లో ఉంది. మిగతా మూడు కాగితాలూ ఎక్కడో, నాకు తెలియని మూడు కేసుల చివర కూర్చుని, విన్నదంతా ఇదేనని నా పేరు మీద చెబుతున్నాయి.